పర్పుల్ హైబిస్కస్: రెండు ఇళ్ళు, రెండు వంటిళ్ళు

చిమమాండా ఎన్గోజీ అడీచే మొదటి నవల ‘పర్పుల్ హైబిస్కస్’ గురించి ఎవరిని అడిగినా మతం గురించి, తండ్రి పెత్తనం గురించి రాసిన పుస్తకమని చెబుతారు. నిజమే. కానీ నన్ను పట్టుకుని వదలనిది అందులోని భోజనాల బల్ల. ఎవరింట్లో ఏం వండారు, ఎవరు వడ్డించారు, ఎవరికి ముద్ద గొంతు దిగలేదు అన్నవి చూసుకుంటూ పోతే చాలు, పదిహేనేళ్ళ కంబిలీ అనే పిల్ల ఎలా పెద్దదైందో తెలిసిపోతుంది. నాకు ఇలా చదవడమే అలవాటు. బరంపురంలో కాలేజీ పిల్లలకి మెస్ నడుపుతాను. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చిన పిల్లలు మా దగ్గర తింటారు. కంచం ముందు కూర్చున్న తీరు చూస్తే ఆ పిల్లకి ఇంటి దగ్గర నోరు విప్పే చనువుందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ ఎమ్మే చదివే ఒక అమ్మాయి దగ్గర ఈ పుస్తకం కనబడితే, తన పరీక్షలయ్యాక అడిగి తీసుకున్నాను. చదివాక ఉండబట్టలేక సొంతానికి ఒక కాపీ తెప్పించుకున్నాను.

నవల 2003లో వచ్చింది. 2005లో కామన్‌వెల్త్ రచయితల బహుమతుల్లో ఉత్తమ తొలి పుస్తకంగా ఎంపికైంది. రచయిత్రి 1977లో నైజీరియాలోని ఎనూగులో పుట్టారు, ఎన్సుకా అనే యూనివర్సిటీ ఊళ్ళో పెరిగారు. నవల నడిచేది కూడా ముఖ్యంగా ఈ రెండు ఊళ్ళలోనే. కంబిలీ, ఆమె అన్న జాజా, తల్లి బియాట్రిస్, తండ్రి యూజీన్ ఎనూగులో ఉంటారు. యూజీన్ పెద్ద ఫ్యాక్టరీల యజమాని, పత్రిక నడుపుతాడు, చర్చిలో ఆయన మాటకి విలువ. ఆయన చెల్లెలు ఇఫియోమా ఎన్సుకాలో లెక్చరర్. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. జాజా, కంబిలీ కొన్నాళ్ళుండి రావడానికి ఈ మేనత్త ఇంటికి వెళతారు. కథంతా ఆ ప్రయాణంతో తిరుగుతుంది.

ముందు ఎనూగు ఇల్లు. ఎత్తైన గోడలు, వాటి మీద కరెంటు తీగల చుట్టలు. లోపల భోజనాల గది విశాలం, దాన్ని ఆనుకున్న హాలు ఇంకా విశాలం. అంత ఇంట్లో ఉండి కూడా తనకి ఊపిరాడనట్టు ఉంటుందంటుంది కంబిలీ. పిల్లల గదుల్లో టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది: చదువుకి ఇంత, నిద్రకి ఇంత, ప్రార్థనకి ఇంత. భోజనానికి ముందు తండ్రి చేసే ప్రార్థన ఇరవై నిమిషాలు. వంట చేసే పనిపిల్ల సిసీ ఏ లోటూ రానివ్వదు. బల్ల నిండా తిండి ఉంటుంది, మాట మాత్రం ఉండదు. మాట్లాడితే దానికో పని ఉండాలి.

తండ్రి ఫ్యాక్టరీలో కొత్త జ్యూస్ తయారైతే ముందు ఇంటికి తెస్తారు. అందరూ రుచి చూసి బాగుందని చెప్పాలి. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు జీడిమామిడి జ్యూస్ తెచ్చినప్పుడు తల్లీ కూతుళ్ళు ఎప్పటిలాగే మెచ్చుకుంటారు. జాజా నోరు తెరవడు. ఆ పూట చర్చిలో ప్రసాదం కూడా అతను తీసుకోలేదు. తండ్రి కోపంతో ప్రార్థన పుస్తకం విసిరితే, అద్దాల అరలో తల్లి అపురూపంగా తుడిచి పెట్టుకునే చిన్న చిన్న నాట్యగత్తెల బొమ్మలు ముక్కలైపోతాయి. చదివేవాళ్ళందరికీ ఆ బొమ్మలు గుర్తుండిపోతాయి. నాకు ఆ జ్యూస్ గ్లాసు గుర్తుండిపోయింది. బాగుంది అనకపోవడం ఒక ఇంట్లో ఎంత పెద్ద తిరుగుబాటో ఆ గ్లాసే చెప్పింది. వండింది నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పే పిల్లలంటే నాకిష్టం. అలా చెప్పలేని పిల్లల్ని చూస్తేనే నాకు బెంగ.

ఇక టీ. ఈ నవలకి టీ కప్పు ప్రాణం. యూజీన్ టీ తాగే ముందు పిల్లల్ని పిలిచి ఒక్కో గుక్క తాగనిస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ప్రేమ గుక్క. ఇష్టమైన చిన్న చిన్న వాటిని ఇష్టమైనవాళ్ళతో పంచుకోవాలన్నది ఆయన లెక్క. ఆ టీ ఎప్పుడూ పొగలు కక్కుతుంటుంది. నాలుక కాలుతుంది. ఆ పూట కూరలో కారం ఎక్కువైతే కాలిన నాలుక ఇంకా మండుతుంది. అయినా కంబిలీకి ఆ గుక్క కావాలి. తండ్రి ప్రేమ ఆ వేడితోనే తన నాలుక మీద ముద్రపడుతుందని నమ్ముతుంది. ఇంత చిన్న అలవాటులో తండ్రీకూతుళ్ళ సంబంధాన్ని మొత్తం పెట్టేశారు రచయిత్రి. ఆయన పిల్లల్ని ప్రేమించడం అబద్ధం కాదు, కాల్చడమూ అబద్ధం కాదు. ఒకే కప్పులో రెండూ ఉన్నాయి. ఆ పిల్ల రెంటినీ విడదీసి చూడలేదు, ఎందుకంటే వేరే రకం టీ తనకి ఎవరూ ఇవ్వలేదు. తర్వాతెప్పుడో ఇదే తండ్రి కూతుర్ని స్నానాల తొట్టిలో నిలబెట్టి, ఏడుస్తూ, కెటిల్‌తో వేడినీళ్ళు పాదాల మీద పోస్తాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి లేచిపోయాను. మళ్ళీ తీసినప్పుడు తెలిసింది, మొదటి పేజీల్లోని ఆ గుక్క ఇక్కడిదాకా వస్తుందని రచయిత్రి ముందే చెప్పేశారని.

కార్న్‌ఫ్లేక్స్ సంగతి కూడా చెప్పాలి. ఒక ఆదివారం కంబిలీకి నెలసరి నొప్పి. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోకూడదు. పూజకి ముందు ఏమీ తినకూడదని నియమం. తల్లి, అన్న కలిసి ఆమె చేత నాలుగు చెంచాలు తినిపిస్తుంటే తండ్రి గదిలోకి వస్తాడు. బెల్టు తీసి ముగ్గురినీ కొడతాడు. కొట్టాక దగ్గరికి తీసుకుని, బెల్టు తగిలి తోలు లేచిందా అని అడుగుతాడు. మా దగ్గర తినే ఆడపిల్లలకి అలాంటి రోజుల్లో ఏం పెట్టాలో నాకు తెలుసు, వాళ్ళు అడక్కుండానే వేడివేడి చారన్నం పెడతాను. అందుకే కావచ్చు, ఆ చిన్న గిన్నె కోసం పడ్డ దెబ్బలు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆకలికీ నొప్పికీ కూడా అనుమతి అడగాల్సిన ఇల్లు అది.

క్రిస్మస్‌కి ఈ కుటుంబం సొంత ఊరు అబ్బాకి వెళుతుంది. అక్కడ యూజీన్ ఊరందరికీ పెద్ద పెద్ద పాత్రల్లో వండించి పెడతాడు. ఊరివాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు. అదే ఊళ్ళో ఆయన కన్నతండ్రి పాపా నుక్వు చిన్న ఇంట్లో ఉంటాడు. ముసలాయన పాత దేవుళ్ళనే నమ్ముకున్నాడు. మతం మారితే ఇల్లు కట్టిస్తాను, కారు కొనిపెడతాను అన్నాడు కొడుకు. తండ్రి ఒప్పుకోలేదు. ఇక మనవలకి ఏడాదికోసారి పదిహేను నిమిషాలు చూసి రావడానికే అనుమతి. అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు.

ముసలాయన ఆ పెచ్చులూడిన పళ్ళెం ముందు కూర్చున్న తీరు చూడాలి. దుంపపిండి ముద్ద, పక్కన నీళ్ళలాంటి పులుసు. అందులో చేప ముక్క లేదు, మాంసం ముక్క లేదు. తినే ముందు అందులోంచే చిన్న ముద్ద తీసి భూదేవతకి వేస్తాడు. తనకే చాలని కంచంలోంచి ఒకరికి భాగం పెట్టడం కంబిలీ చూస్తూ కూర్చుంటుంది. మొహంలో ఎక్కడైనా పాపం కనబడుతుందేమోనని వెతుకుతుంది. ఏమీ కనబడదు. ఊరంతటికీ పెట్టే కొడుకు చేత్తో తండ్రి కంచంలోకి ముక్క రాదు. ఇంతకంటే గట్టిగా యూజీన్ గురించి ఎవరేం చెప్పగలరు? వడ్డన చేసే మనిషిగా నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది. షరతు పెట్టి పెట్టిన అన్నం అన్నం కాదు.

ఈ భాగం మనవైపు పాఠకులకి కొత్తగా అనిపించదు. గజపతి జిల్లా కొండల్లోని సవర ఊళ్ళలో చర్చికి వెళ్ళే కొడుకులు, పాత కొలుపుల్లోనే ఉండిపోయిన తాతలు ఒకే కుటుంబంలో ఉంటారు. చాలా ఇళ్ళలో అందరూ కలిసే తింటారు. కొన్ని ఇళ్ళలో పండగ పూట ఎవరింటి ముద్ద ఎవరు ముట్టాలన్న దగ్గర గొంతులు మూగబోతాయి. మనం మాత్రం తక్కువా? కులం పేరు చెప్పి కొందరిళ్ళలో మంచినీళ్ళు తాగని చుట్టరికాలు మన వీధుల్లో ఇంకా ఉన్నాయి. ఆఫ్రికా పుస్తకం అని పక్కన పెట్టేవాళ్ళు ఈ అధ్యాయం ఒక్కటి చదివి చూడాలి.

ఎన్సుకాలో ఇఫియోమా ఇల్లు యూనివర్సిటీ క్వార్టర్. కప్పు ఎంత కిందికి ఉంటుందంటే చెయ్యెత్తితే తగులుతుందేమో అనిపిస్తుంది కంబిలీకి. కుర్చీలు ఒకదానికొకటి పొత్తు లేనివి. కిరసనాయిలు పొయ్యి వాసన, మసాలా వాసన కలిసి ఇల్లంతా తిరుగుతుంటాయి. నీళ్ళు రావు, వచ్చినప్పుడు క్యాన్లలో పట్టుకోవాలి. బాత్రూమ్‌లో నీళ్ళు పోయడానికి కూడా లెక్కే. ఎనూగు నుంచి కారులో సరుకులతో పాటు గ్యాస్ సిలిండర్లు దిగుతుంటే ఆ ఇల్లాలికి కలిగే సంబరం నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సిలిండర్ బుక్ చేసి అది వచ్చేదాకా ఉండే టెన్షన్, ఎండాకాలం బరంపురంలో నీళ్ళ ట్యాంకర్ కోసం డ్రమ్ములు పెట్టుకుని కాచుకోవడం, ఇవి నాకు రోజువారీ బతుకు. లేమిలో వంటిల్లు ఎలా నడుస్తుందో రచయిత్రికి బాగా తెలుసు.

ఆ ఇంట్లో ప్రార్థన క్లుప్తం. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడతారు, వాదించుకుంటారు, నవ్వుతారు. ఏ పనీ లేకుండా ఊరికే మాట్లాడుకునే మనుషుల్ని కంబిలీ అంతవరకు చూడలేదు. ఆమెకి నవ్వడం రాదు, పాట అందుకోవడం రాదు. ఆ ఇంటికి వచ్చి ఉన్న తాత తాబేలు కథ చెబుతుంటే మిగతా పిల్లలందరూ వంత పాడతారు, ఈమె గొంతు పెగలదు. తన ఈడుదే అయిన మేనత్త కూతురు అమాకాకి ఈ పిల్ల పొగరుబోతులా కనిపిస్తుంది.

ఓరా ఆకుల ఘట్టం అప్పుడు వస్తుంది. నా దృష్టిలో ఈ నవలకి నడుమ పట్టె ఇదే. మేనత్త బజారు నుంచి ఓరా ఆకు తెస్తుంది, పులుసులోకి. బాగుచేయమని పిల్లలకి ఇస్తారు. కంబిలీకి రాదు. ఎనూగు ఇంట్లో ఆమె ఎప్పుడూ ఒక ఆకు తుంచి ఎరగదు. అమాకా విరుచుకుపడుతుంది. డబ్బున్నవాళ్ళు ఈ ఆకులు బాగుచేయరు గానీ పులుసు మాత్రం తాగుతారా అని అడుగుతుంది. అప్పుడు మేనత్త కూతుర్ని తిట్టదు. మేనకోడలి వైపు తిరిగి, నీకు నోరు లేదా, తిరిగి సమాధానం చెప్పు అని గద్దిస్తుంది. కంబిలీ ఒక్క క్షణం తోటలో వాడి రాలుతున్న పువ్వుని చూస్తుంది. తర్వాత నెమ్మదిగా అంటుంది: అరవక్కర్లేదు అమాకా, నాకు ఈ ఆకులు చేయడం రాదు, నువ్వు చూపించు. అమాకా నవ్వేస్తుంది, నీ గొంతు ఇంత గట్టిగా కూడా వస్తుందా అని. తర్వాత చూపిస్తుంది. ఆ ఆకు మన బచ్చలిలాగా చేతికి జారుతుంది. లేతాకుపచ్చ ఆకు, కానీ కాడలో పీచు ఎంత ఉడికినా మెత్తబడదు, అందుకని కాడ ఒక్కొక్కటీ గిల్లి తీసేయాలి. కంబిలీ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఒక్కో కాడా గిల్లుతూ, ఆకులు కాళ్ళ దగ్గరున్న గిన్నెలో వేస్తూ కూర్చుంటుంది.

రాదు అని ఒప్పుకోవడం, చూపించమని అడగడం. ఎనూగులో ఈ రెండూ కుదరవు. అక్కడ రాకపోతే తప్పు, తప్పయితే దెబ్బ. క్లాసులో రెండో ర్యాంకు వచ్చినా తప్పే. ఇక్కడ ఆకు గిల్లడం రాకపోతే ఎవరూ చచ్చిపోరు. మేనత్త పెద్ద ఉపన్యాసమేదీ ఇవ్వలేదు, పిల్ల చేతికి పని ఇచ్చింది, నోటికి చోటిచ్చింది. మెస్‌లో ఏడాదంతా తలెత్తకుండా తినే పిల్లలు కొందరుంటారు. వాళ్ళని నేను వంటింట్లోకి పిలిచి చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ఇస్తాను. చేతులు కదులుతుంటే నోరు దానంతటదే కదులుతుంది. ఈ ఘట్టం చదివినప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషే దీన్ని రాసిందని అనిపించింది.

పేరులో ఉన్న ఊదా మందారం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ రాయను. ఎనూగు తోటలో ఎర్ర మందారాలు, ఎన్సుకాలో మేనత్త ముంగిట ప్రయోగంగా పెంచిన అరుదైన ఊదా మందారం. జాజా దాని కొమ్మలు ఇంటికి తెచ్చి నాటుతాడు. స్వేచ్ఛకి గుర్తు అని రచయిత్రే నేరుగా చెప్పేస్తారు. అందంగానే ఉంది. చెప్పకుండా చెప్పిన టీ కప్పు ముందు మాత్రం నాకు ఆనలేదు.

ఇంకో బల్ల ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. యూజీన్ పత్రిక సంపాదకుడు ఆడే కోకర్ సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాస్తుంటాడు. ఒకసారి ఈ ఇంటికొచ్చి, మాట్లాడని పిల్లల్ని చూసి, మన పత్రికలో అందరూ ఇలాగే నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది అని నవ్వుతాడు. యూజీన్ నవ్వడు. తర్వాత ఒక పొద్దున టిఫిన్ బల్ల దగ్గర ఆడే కోకర్‌కి ఒక పార్సిల్ వస్తుంది. ఎదురుగా స్కూలు యూనిఫామ్‌లో కూతురు, పక్కన భార్య పసిబిడ్డకి సెరెలాక్ తినిపిస్తోంది. పార్సిల్ విప్పగానే పేలుతుంది. 1986లో దెలె గివా అనే నైజీరియా సంపాదకుడు లేగోస్‌లోని తన ఇంట్లో పార్సిల్ బాంబుకే చనిపోయాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళకి ఈ పేజీ ఇంకా బరువుగా ఉంటుంది. దేశంలో గొంతు ఎలా నొక్కుతారో చెప్పడానికి కూడా రచయిత్రి ఒక పసిబిడ్డ చెంచానే ఎంచుకున్నారు. దేశంలో మాట కోసం అంత తెగించిన యూజీన్ సొంత బల్ల దగ్గర మాటని ఎందుకు భరించలేడు అన్న ప్రశ్నకి నవల ఎక్కడా తేలిగ్గా జవాబు చెప్పదు. మిషనరీల దగ్గర పెరిగిన ఆయన చిన్నతనం చూపించి వదిలేస్తుంది. అది నాకు నచ్చింది.

ముగింపు తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. యూజీన్ చనిపోతాడు. అన్నేళ్ళు దెబ్బలు తిని, కడుపులో బిడ్డల్ని పోగొట్టుకుని, బొమ్మలు తుడుచుకుంటూ ఉండిపోయిన బియాట్రిస్ ఆయన టీలో విషం కలుపుతూ వచ్చింది. ఆ సంగతి విన్నప్పుడు కంబిలీ తల్లి మీద అరుస్తుంది: టీలోనే ఎందుకు కలిపావు అని. చంపావెందుకు అని అడగదు. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తనకి తండ్రితో ఉన్న ఒకే ఒక తీపి జ్ఞాపకం ఆ గుక్క. తల్లికి ఆ కప్పే దొరికింది. నేరం నెత్తిన వేసుకుని జాజా జైలుకి వెళతాడు. తల్లీ కూతుళ్ళు అన్నం, మాంసం మూటకట్టుకుని అతన్ని చూడ్డానికి వెళుతుంటారు. ఉద్యోగం పోయి అమెరికా చేరిన మేనత్త పెద్ద పెద్ద టమాటాల గురించి, చవగ్గా దొరికే బ్రెడ్డు గురించి ఉత్తరాలు రాస్తుంది. కరెంటు పోదు, కుళాయిలో వేడినీళ్ళు వస్తాయి గానీ ఇప్పుడు మేం నవ్వడం లేదు, ఒకరినొకరం చూసుకునే తీరికే లేదు అని రాస్తుంది అమాకా. పిల్లల్ని హైదరాబాదుకో, బెంగళూరుకో, ఆపైన విదేశాలకో పంపిన మా వీధివాళ్ళలో ఎవరికైనా ఆ ఉత్తరం చూపిస్తే కాసేపు మాట రాదు.

అసంతృప్తులూ ఉన్నాయి. మేనత్త ఇంటికి వచ్చిపోయే కుర్ర పాదిరీ ఫాదర్ అమాదీ మీద కంబిలీకి కలిగే ఇష్టాన్ని రచయిత్రి చాలా సున్నితంగా రాశారు కానీ, ఆ మనిషిలో ఒక్క లోపమైనా కనిపించదు. పరిగెత్తించి, నవ్వించి, ఆ పిల్లకి ఒళ్ళు తనదే అని తెలియజేసిన మనిషిని ఇంకొంచెం మామూలుగా రాసి ఉండాల్సింది. ఇఫియోమా విషయంలోనూ అంతే. జీతాలు సరిగ్గా రాని ఉద్యోగం, ముగ్గురు పిల్లలు, కిరసనాయిలు పొయ్యి, పైగా మేనల్లుడూ మేనకోడలూ. రోజూ అంతమందికి వండే ఆడమనిషి అలసట ఇంకాస్త కనబడాలి, గరిటె విసిరేసే పూట ఒకటి ఉండాలి. చివరి భాగం కూడా తొందరగా చుట్టేసినట్టుంది. అంతవరకు ఒక్కో భోజనాన్నీ నింపాదిగా చూపించి, జైలు ఏళ్ళని గబగబా దాటించేశారు. అయినా ఇవేవీ పుస్తకం చదవకుండా మానేయడానికి కారణాలు కావు. ఈమధ్య నేను చదివినవాటిలో పిల్లలు పెద్దవాళ్ళవడం గురించి ఇంత నిజాయితీగా రాసిన నవల ఇంకోటి లేదు.

నేను ఇంగ్లిష్‌లోనే చదివాను. ఇంటర్ దాటిన పిల్లలు చదవగలిగినంత తేలిక ఇంగ్లిష్. మధ్యమధ్య ఇబో భాష మాటలు వస్తాయి, వాటి దగ్గర ఆగిపోకండి, సందర్భాన్ని బట్టి అర్థమైపోతాయి. కథ మట్టల ఆదివారంతో మొదలై వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికొచ్చి ముందుకు సాగుతుంది కాబట్టి మొదటి అధ్యాయంలో తికమక పడితే కంగారు వద్దు, రెండో భాగంలో అన్నీ కుదురుకుంటాయి. ఇంట్లో దెబ్బల సన్నివేశాలు గట్టిగానే ఉన్నాయి. హైస్కూలు పిల్లలకి ఇచ్చేముందు పెద్దవాళ్ళు ఒకసారి చదివి, తర్వాత పక్కన కూర్చుని మాట్లాడండి. డిగ్రీ, ఎమ్మే పిల్లలు పరీక్ష కోసం చదివేటప్పుడు గైడు పక్కన పెట్టి, ఎవరు ఎప్పుడు ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసుకుంటూ చదవండి. మందారం గురించి గైడులో ఎలాగూ ఉంటుంది, ఓరా ఆకు గురించి మీరే రాయాలి.